మెల్లగా వెళితే... మూస్ కనిపిస్తుంది!

టిక్కెట్టు లేదు. గైడు లేడు. సఫారీ జీపూ లేదు. ఉన్నదల్లా సొంత కారు, రెండు వరసల తారు రోడ్డు, అటూ ఇటూ చీకటి పడుతున్న అడవి. అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రానికి ఉత్తరాన చిట్టచివర ఉన్న ఆ దారిని అక్కడివాళ్లు ‘మూస్ యాలీ’ అంటారు. అంటే మూస్‌లు తిరిగే సందు అని. గుర్రం కన్నా ఎత్తుగా ఉండే ఆ అడవి జంతువు ఆ రోడ్డు పక్కకే ఎందుకొస్తుందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆ వెంటనే, యాక్సిలరేటర్ మీది కాలు దానంతటదే పైకి లేస్తుంది.

జూన్ నెల. సాయంత్రం ఏడు గంటలు. ఎండ ఇంకా పూర్తిగా పోలేదు. ఆ దారిలో వెళుతున్న ఓ కారును, అందులో ఓ తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. కొడుకు బోస్టన్‌లో ఉద్యోగం చేస్తాడు. వేసవికి మనవల్ని చూడ్డానికి అచ్చంపేట నుంచి అమ్మానాన్నలు వచ్చారు. నయాగరా అయిపోయింది, న్యూయార్క్ అయిపోయింది. ‘ఈసారి జనం లేని చోటికి తీసుకుపోరా’ అన్నాడు తాతయ్య. అదిగో, అలా మొదలైంది ఈ ప్రయాణం.

బోస్టన్ నుంచి ఉత్తరంగా సుమారు 320 కిలోమీటర్లు. నాలుగు గంటల దారి. ముందు పెద్ద హైవే, తరవాత వైట్ మౌంటెయిన్స్ కొండల మధ్య నుంచి మలుపులు, ఆపైన చిన్న చిన్న ఊళ్లు. కోల్‌బ్రూక్ దాటాక ఇళ్లు పలచబడతాయి. చివరి ఊరు పిట్స్‌బర్గ్. ఆ పేరు వినగానే నానమ్మ చేతులు జోడించింది, వేంకటేశ్వరస్వామి గుడి వచ్చేసిందనుకుని! గుడి ఉన్న పిట్స్‌బర్గ్ పెన్సిల్వేనియాలోది. ఇది వేరు. ఈ ఊరి పరిధి 730 చదరపు కిలోమీటర్ల పైమాటే అయినా జనం వెయ్యి మంది కూడా ఉండరు. మిగిలినదంతా అడవీ, చెరువులూ.

ఇక్కణ్నుంచి కెనడా సరిహద్దు దాకా 3వ నంబరు రోడ్డు మీద దాదాపు 35 కిలోమీటర్లే మూస్ యాలీ. దారి పొడవునా కనెక్టికట్ లేక్స్ అనే సరస్సులు ఒకదాని తరవాత ఒకటి వస్తుంటాయి. వాటికి పేర్లు పెట్టడానికి ఎవరూ పెద్దగా కష్టపడలేదు... మొదటి సరస్సు, రెండో సరస్సు, మూడో సరస్సు, అంతే. నాలుగోది సరిహద్దును ఆనుకుని ఉన్న చిన్న కుంట. సముద్రంలో కలిసే లోపు 650 కిలోమీటర్లు ప్రవహించే కనెక్టికట్ నది పుట్టేది ఆ కుంటలోనే.

ఇంతకీ ఏమిటీ మూస్?

జింకల జాతిలో అన్నింటికన్నా పెద్దది మూస్. మన నల్లమలలో తిరిగే కణుజు భుజం దగ్గర నాలుగైదు అడుగుల ఎత్తుంటుంది. మూస్ మగది ఆరడుగులు! అంటే మనిషి పక్కన నిలబడితే దాని వీపు మన తల దగ్గరకొస్తుంది. బరువు 450 కిలోల దాకా ఉంటుంది. కాళ్లు మాత్రం సన్నగా, పొడుగ్గా కర్రల్లా ఉంటాయి. మెడ దగ్గర మూపురంలాంటి ఎత్తు. వేలాడే పెద్ద పై పెదవి. గొంతు కింద గంటలా ఊగే తోలు. మొదటిసారి చూసినవాళ్లకి ఒంటెనూ గుర్రాన్నీ కలిపి ఎవరో హడావుడిగా చేసినట్టు అనిపిస్తుంది. కానీ ఆ పొడుగు కాళ్లే నడుంలోతు మంచులో, మోకాళ్లు దిగబడే బురదలో దానికి శ్రీరామరక్ష.

కొమ్ములు మగవాటికే. జింకలకున్నట్టు కొమ్మలు కొమ్మలుగా కాకుండా అరచేతుల్లా వెడల్పుగా పరుచుకుంటాయి. బాగా ఎదిగిన మగ మూస్ కొమ్ములు ఈ చివర నుంచి ఆ చివరకు ఐదడుగులు కూడా ఉండొచ్చు. అంత బరువునీ చలికాలంలో రాల్చేసుకుంటుంది. వసంతంలో మళ్లీ కొత్తవి మొలుస్తాయి. బాగా పెరిగే రోజుల్లో రోజుకి అంగుళం దాకా పెరుగుతాయి. జూన్‌లో చూస్తే సగం పెరిగి, పైన మెత్తటి నూగు తోలుతో ఉంటాయి. ఆగస్టు ఆఖరుకల్లా ఆ తోలు ఊడిపోయి గట్టి ఎముక బయటపడుతుంది.

మూస్ అన్న పేరు అక్కడి ఆదివాసుల ఆల్గాంక్వియన్ భాషల నుంచి వచ్చింది. చెట్ల కొమ్మల్నీ బెరడునీ ఒలుచుకు తినేది అని దానికి అర్థం చెబుతారు. నిజమే, చలికాలమంతా దానికి పుల్లలే అన్నం. యూరప్‌లో మాత్రం ఇదే జంతువును ఎల్క్ అంటారు. అమెరికాలో ఎల్క్ అంటే మరో జింక. అందుకే స్వీడన్ వెళ్లొచ్చినవాళ్లూ అమెరికా వెళ్లొచ్చినవాళ్లూ దీని గురించి మాట్లాడుకుంటే కాసేపు గందరగోళమే.

ఉప్పు కోసం తిప్పలు!

అంత పెద్ద అడవి ఉండగా రోడ్డు పక్కకే ఎందుకొస్తుంది? ఉప్పు కోసం.

ఆకులు, పుల్లలు, బెరడు... వీటిలో సోడియం చాలా తక్కువ. ఆర్నెల్ల చలికాలం పుల్లలు నమిలి బతికిన మూస్‌కి వేసవి వచ్చేసరికి ఒంట్లో ఉప్పు కరువవుతుంది. చెరువుల్లో పెరిగే నీటిమొక్కల్లో ఆ సోడియం దండిగా ఉంటుంది. అందుకే వేసవిలో మూస్ మెడ లోతు నీళ్లలోకి దిగి, తల ముంచి మేస్తుంది. అవసరమైతే పూర్తిగా మునిగిపోయి అడుగునున్న మొక్కల్ని పెకలించుకొస్తుంది. ఈతలో గట్టిది. సరస్సుకి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి తేలిగ్గా వెళ్లిపోతుంది.

దీనికన్నా సులువైన దారి మనుషులు చూపించారు. చలికాలంలో రోడ్డు మీద మంచు పేరుకుంటే కార్లు జారిపోతాయి. అందుకని ప్రభుత్వం ఉప్పు చల్లుతుంది. మంచు కరిగి, ఆ ఉప్పునీళ్లు రోడ్డు పక్క పల్లాల్లోకి, గుంటల్లోకి చేరతాయి. ఎండాకాలం వచ్చేసరికి అవన్నీ చౌడు బురదమడుగులు! మే నుంచి జులై దాకా మూస్‌లు తెల్లవారుజామునా సాయంత్రాలూ వచ్చి ఆ బురదనీళ్లు తాగుతాయి. రోడ్డు పక్కన గడ్డి తొక్కేసి, నల్లటి బురద కలియబెట్టినట్టున్న గుంట కనిపిస్తే అక్కడికి మూస్ వస్తోందన్నమాటే.

కొడుకు ఇదంతా చెబుతుంటే తాతయ్యకు కొత్తగా ఏమీ అనిపించలేదు. “మన అడవిల గూడ గంతే బిడ్డా. కణుజులు, దుప్పులు చౌడు మట్టి నాకనీకి వస్తయి. ఫారెస్టోళ్లు ఉప్పు గడ్డలు గూడ పెడ్తరు” అన్నాడు. నిజమే. మన దగ్గర అటవీశాఖవాళ్లు ఆ ఉప్పును అడవి లోపల పెడతారు. ఇక్కడ అది, ఎవరూ కావాలని చేయకపోయినా, హైవే అంచున చేరింది. తేడా అంతా అక్కడే ఉంది. మనుషుల ప్రాణాలు కాపాడాలని చల్లిన ఉప్పే మూస్‌ను కార్ల ముందుకు తీసుకొస్తోంది.

హెడ్‌లైట్లకు అందని కళ్లు

న్యూహాంప్‌షైర్ రోడ్ల మీద ‘మూస్ ఉంటే బ్రేక్ వేయండి, మీ ప్రాణం దక్కొచ్చు’ అన్న అర్థం వచ్చే బోర్డులు కనిపిస్తాయి. సరదాకి పెట్టినవి కావు. మూస్ ఒళ్లు ముదురు గోధుమరంగు. రాత్రిపూట తారు రోడ్డులో, అడవి నీడలో కలిసిపోతుంది. మామూలు జింక కళ్లు హెడ్‌లైట్ వెలుగులో మెరుస్తాయి. మూస్ తల అంత ఎత్తులో ఉంటుంది కాబట్టి వెలుగు చాలాసార్లు దాని కళ్లదాకా వెళ్లదు. కారు తగిలేది కాళ్లకి. నాలుగు క్వింటాళ్ల ఒళ్లు వచ్చి పడేది ముందు అద్దం మీద. మూస్ పోతుంది, లోపలివాళ్లకూ ప్రమాదమే.

కారును చూసి పారిపోతుందిలే అనుకుంటే పొరపాటు. తోడేలు వచ్చినా, ఎలుగు వచ్చినా నిలబడి ఎదిరించడం దాని అలవాటు. కారు ముందు కూడా అలాగే నిలబడిపోతుంది. పైగా మే, జూన్ నెలల్లో మరో సంగతి. కొత్త పిల్లను కనబోయే తల్లి, ఏడాది వయసున్న పెద్దపిల్లను దగ్గరికి రానివ్వదు, తరిమేస్తుంది. ఏం చేయాలో తెలియని ఆ కుర్ర మూస్‌లు దిక్కూమొక్కూ లేకుండా తిరుగుతూ రోడ్లెక్కుతాయి.

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో లారెన్‌టైడ్స్ అనే అభయారణ్యం ఉంది. అక్కడ ఈ సమస్యకి ఓ ఉపాయం చేశారు. రోడ్డు పక్కనున్న ఉప్పుమడుగుల్లో నీళ్లు తోడేసి, వాటిని రాళ్లతో నింపేశారు. ఉప్పు దొరక్కపోతే మూస్ అటు రావడం తగ్గుతుందని. చూడ్డానికి వచ్చేవాళ్లకి అది నష్టమే. కానీ మూస్‌కి మేలు.

బయల్దేరే ముందు...

* మే నెల మధ్య నుంచి జులై దాకా రోడ్డు పక్కన కనిపించే అవకాశం ఎక్కువ. కొమ్ములు పూర్తిగా పెరిగిన మగవాటిని చూడాలంటే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా. అది జతకట్టే కాలం. అప్పుడు మగవాటికి కోపం కూడా ఎక్కువే. ఆకులు ఎర్రబడే ‘ఫాల్’ అందాలు అదనం.
* తెల్లవారాక తొలి గంట, పొద్దుగూకే ముందు చివరి గంట మంచి సమయం. జూన్‌లో అక్కడ పొద్దుగూకేది రాత్రి ఎనిమిదిన్నరకి.
* పెట్రోలు కోల్‌బ్రూక్‌లోనో పిట్స్‌బర్గ్‌లోనో నింపుకోవాలి. ఆపైన బంకులుండవు. ఫోన్ సిగ్నల్ కూడా చాలాచోట్ల అందదు.
* మూస్ కనిపిస్తే రోడ్డు మీద ఆపకూడదు. కారును పూర్తిగా పక్కకు తీసి, హెచ్చరిక లైట్లు వేయాలి. హారన్ కొట్టడం, టార్చ్ వేయడం, తినడానికి ఏదైనా విసరడం వద్దు. కారులోంచే చూడటం అన్నిటికన్నా మంచిది.
* చెవులు వెనక్కి వాల్చినా, మెడ మీది జుట్టు నిక్కబొడుచుకున్నా, పెదాలు నాక్కుంటున్నా అది విసుక్కుంటోందని అర్థం. దూరం జరగాలి. తల్లికీ పిల్లకీ మధ్యలోకి అస్సలు వెళ్లకూడదు. వెంటపడితే లావుపాటి చెట్టు వెనక్కి చేరాలి.
* మే, జూన్‌లలో బ్లాక్ ఫ్లైస్ అనే చిన్న ఈగలు తెగ కుడతాయి. నిండు చేతుల చొక్కాలు తప్పనిసరి.
* ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఉంటే సరిహద్దు చెక్‌పోస్టుకు ముందే కారు తిప్పేయాలి. పొరపాటున దాటారంటే కెనడా వీసా ఏదని అడుగుతారు!

ఒకప్పుడు దేశమే!

సరిహద్దు మాట వచ్చింది కాబట్టి ఓ ముచ్చట. అమెరికాకు స్వాతంత్య్రం ఇస్తూ 1783లో చేసుకున్న ఒప్పందంలో, ఇక్కడి సరిహద్దు ‘కనెక్టికట్ నదికి వాయవ్య దిక్కునున్న మొదలు’ దగ్గర అని రాశారు. ఆ నదిలోకి వచ్చే వాగులు నాలుగైదు. అసలు మొదలు ఏది? మా వాగంటే మా వాగని రెండు వైపులవాళ్లూ పన్నులు అడగడం మొదలెట్టారు. విసుగెత్తిన జనం 1832లో ‘మాది వేరే దేశం’ అని ప్రకటించేసుకున్నారు. దాని పేరు ఇండియన్ స్ట్రీమ్ రిపబ్లిక్. సొంత రాజ్యాంగం కూడా రాసుకున్నారు. 1835 దాకా సాగిందా ముచ్చట. చివరికి 1842లో కుదిరిన ఒప్పందంతో ఈ ప్రాంతం అమెరికాదని తేలింది. ఆ గీత ఎటున్నా మూస్‌కి పట్టింపు లేదనుకోండి. అది ఆ పక్కా తింటుంది, ఈ పక్కా తింటుంది.

పదిహేను నుంచి ఏడు వేలకు... మళ్లీ కిందికి

ఇప్పుడు కారులోంచి మూస్‌ను చూస్తున్నాం కానీ, 1800ల నడిమి కాలానికి న్యూహాంప్‌షైర్‌లో మిగిలిన మూస్‌లు పదిహేను కూడా లేవని అంచనా. అడవులు నరికి పొలాలు చేశారు. కనిపించినదాన్నల్లా వేటాడారు. ఆ తరవాత రైతులు ఆ రాళ్ల నేలల్ని వదిలి వేరే చోట్లకు వెళ్లిపోయారు. వదిలేసిన పొలాల్లో మళ్లీ చెట్లు మొలిచాయి. వేట మీద నిషేధం వచ్చింది. లేత చెట్లంటే మూస్‌కి పంచభక్ష్య పరమాన్నం. మెల్లగా పెరిగి పెరిగి, 1988 నాటికి 75 పర్మిట్లతో మళ్లీ వేటకు అనుమతి ఇచ్చే స్థితికి వచ్చాయి. 1990ల ఆఖరుకి లెక్క 7,000 దాటింది. పోయిన జంతువు తిరిగొచ్చిన కథ ఇది.

కథ అక్కడ ఆగితే బావుండేది. ఇప్పుడు ఆ సంఖ్య మూడు నాలుగు వేలకు పడిపోయింది. కారణాల్లో పెద్దది కంటికి సరిగా ఆనని పిడుదు. మన పశువులకు పట్టే గోమారిలాంటిదే. శీతకాలపు పిడుదు అంటారు. శరదృతువులో దాని పిల్లలు గుంపులు గుంపులుగా మొక్కల కొసలకు ఎక్కి, అటుగా వెళ్లే జంతువుల కోసం కాచుక్కూర్చుంటాయి. మూస్ రాసుకుంటూ వెళితే వందలకొద్దీ ఒకేసారి అంటుకుంటాయి. చలికాలమంతా దాని ఒంటి మీదే ఉండి రక్తం తాగుతాయి. ఒక్కో మూస్ మీద పదుల వేల పిడుదులు! దురద భరించలేక చెట్లకు ఒళ్లు రుద్దుకుని రుద్దుకుని జుట్టు రాలిపోయి, పాలిపోయి కనిపించే మూస్‌లను ‘దెయ్యం మూస్’లని పిలుస్తారు.

పెద్దవి ఎలాగో తట్టుకుంటాయి. పసివాటి వల్ల కాదు. 2014 నుంచి 2016 దాకా వరసగా మూడేళ్లు న్యూహాంప్‌షైర్, మెయిన్ రాష్ట్రాల్లో పరిశోధకులు మూస్ పిల్లల మెడలకు రేడియో పట్టీలు కట్టి గమనించారు. సగటున 70 శాతం పిల్లలు మొదటి చలికాలం దాటలేదు. ఒంట్లోని రక్తమంతా పిడుదుల పాలై, పచ్చగడ్డి మొలిచే ఏప్రిల్‌లోనే చనిపోయాయి.

పిడుదులు ఇంతలా ఎందుకు పెరిగాయంటే చలికాలం చిన్నదైపోతోంది కాబట్టి. మునుపు అక్టోబరు, నవంబరుల్లోనే మంచు కురిస్తే, మొక్కల మీద కాచుకున్న పిల్ల పిడుదులు చచ్చేవి. ఏప్రిల్ దాకా మంచు ఉంటే, మూస్ మీంచి రాలిన తల్లి పిడుదులు గుడ్లు పెట్టకముందే పోయేవి. ఇప్పుడు మంచు ఆలస్యంగా వచ్చి తొందరగా పోతోంది. రెండు వైపులా పిడుదుకే లాభం. అసలే మూస్‌కి వేడి పడదు. వేసవిలో 14 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది మొదలవుతుందంటారు. ‘14 డిగ్రీలకే? రెంటచింతల తీసుకొస్తే?’ అని కారులో నవ్వులు. తాతయ్య మాత్రం నవ్వలేదు.

చీకటి పడ్డాక...

సరిహద్దు దాకా వెళ్లారు. ఒక్క మూస్ లేదు. ఓ కుందేలు, దూరంగా నీళ్లలో లూన్ పక్షి, అంతే. వెనక సీట్లో పిల్లల గోల. “ఇంకెప్పుడు నాన్నా?” “బోర్ కొడుతోంది నానమ్మా!” కొడుకు కారు వెనక్కి తిప్పాడు. అద్దాలు దించి, ముప్పై కిలోమీటర్ల వేగంతో, ఇంకా మెల్లగా... ఫర్ చెట్ల వాసన, కప్పల మోత.

మూడో సరస్సు దాటాక ఓ మలుపులో ముందు ఒక కారు పక్కకి ఆగి ఉంది. హెచ్చరిక లైట్లు వెలిగి ఆరుతున్నాయి. మూస్ యాలీలో దానికి ఒకటే అర్థం. కొడుకు కూడా పక్కకు తీసి ఇంజిన్ ఆపేశాడు.

మొదట ఏమీ కనిపించలేదు. తరవాత, చెట్టు మొద్దు అనుకున్నది తలెత్తింది. ఆడ మూస్. నల్లటి బురదగుంటలో ముందుకాళ్లు మడిచి నీళ్లు తాగుతోంది. మూతి నుంచి నీళ్లు కారుతున్న చప్పుడు కారులోకి వినిపిస్తోంది. దాని వెనక, గడ్డిలోంచి ఎర్రమట్టి రంగులో పొడుగుకాళ్ల పిల్ల! పుట్టి రెండు మూడు వారాలు అయి ఉంటుంది. తల్లి పొట్ట కిందికి ఒకసారి దూరి, మళ్లీ బయటికొచ్చి, కారు వైపు చెవులు నిక్కించి చూసింది.

పిల్లలు గప్‌చుప్. నానమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. “తల్లీబిడ్డా సల్లగుండాలె” అంది మెల్లగా.

ఐదు నిమిషాలో, ఆరో. తల్లి తాగడం ముగించి, ఎవరినీ పట్టించుకోకుండా రోడ్డెక్కింది. తారు మీద గిట్టల చప్పుడు. పిల్ల మధ్యలో ఒకసారి ఆగింది. రెండు వైపులా కార్లు కదల్లేదు. తరవాత అదీ గెంతుకుంటూ అవతలి చెట్లలో కలిసిపోయింది. వచ్చే చలికాలాన్ని అది దాటుతుందో లేదో మంచు ఎప్పుడు కురుస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. కానీ ఈ రాత్రి ఈ రోడ్డు దాటగలగడం మాత్రం ఆ మలుపులో ఎవరు ఎంత వేగంతో వస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది.

కొడుకు ఇంజిన్ ఆన్ చేశాడు. హోటల్‌కి ఇంకా చాలా దూరం ఉంది. పూర్తిగా చీకటి పడిపోయింది. శ్రీశైలం రోడ్డు మీద అడవి జంతువుల కోసం రాత్రి తొమ్మిది గంటలకు వాహనాలు ఆపేసే చెక్‌పోస్టు తాతయ్యకు గుర్తొచ్చింది.

“మన మన్ననూరుల అయితే రాత్రి తొమ్మిదికి గేటేస్తరు. ఈడ గేటు లేదు గద...” అన్నాడాయన, ముందున్న చీకట్లోకి చూస్తూ. “నువ్వే మెల్లగ పోనియ్ బిడ్డా.”